నా కిడ్నీ భద్రమేనా?

"నా కిడ్నీ భద్రమేనా?" అని అక్క రోజూ పొద్దున్నే తమ్ముణ్ణి ఆటపట్టించేది. ఆరేళ్ల క్రితం తన కిడ్నీ ఒకటి ఇచ్చి వాణ్ణి బతికించుకుంది మరి.

ఇద్దరిదీ కుట్టు దుకాణం. తమ్ముడు టేపు పెట్టి కొలత బిగ్గరగా చెబితే, అక్క పుస్తకంలో రాసేది. ఆ పొద్దున మాత్రం అతను కొలతలు చీటీ మీద గీకి ఆమె ముందుకు తోశాడు.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

"జలుబక్కా." మాట రాలేదు, గాలే వచ్చింది.

రెండు నెలలుగా అదే జలుబు. కిడ్నీ నిలవడానికి అతను వేసుకునే మాత్రలు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. అలాంటి మనిషికి ఏదీ చిన్న జబ్బు కాదని ఆమెకు తెలుసు. చీటీ దాచబోతుంటే పుస్తకం అట్ట వెనక మడిచిన ఆసుపత్రి కాగితం తగిలింది. పదిహేను రోజుల కిందటి గొంతు పరీక్ష. అందులో 'క్యాన్సర్' అన్న మాట ఉంది.

కొలతలివ్వడానికి వచ్చినాయన్ని పంపించి తలుపు గడియ పెట్టింది.

"ఏంట్రా ఇది?"

తమ్ముడు టేపును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "అరుదైన రకమట. కిడ్నీ మాత్రలు వేసుకునే నాలాంటి వాళ్లకే ఎక్కువగా వస్తుందట. ముందు ఆ మాత్రలు తగ్గించి, తర్వాత మందు ఎక్కిస్తామన్నారు."

"మరి వెళ్లవేం?"

"మాత్రలు తగ్గిస్తే కిడ్నీ పోవచ్చట. నీ ఒళ్లు కోయించుకుని ఇచ్చావు. పోగొట్టి నీకేం మొహం చూపించను?"

అక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. రోజూ వేళాకోళానికి తను అడిగిన మాటకు వీడు ప్రాణం పణంగా పెట్టి కాపలా కాస్తున్నాడు.

"పిచ్చి వెధవా, నేను కాపాడుకోవాలనుకున్నది కిడ్నీనా, నిన్నా? పోతే పోనీ. డయాలసిస్ చేయిద్దాం. నువ్వే పోతే నేనేం చేయను?"

తమ్ముడు ఆమె భుజం మీద తల పెట్టి చప్పుడు లేకుండా ఏడ్చాడు. ఇప్పటికే ఆలస్యమైందేమోనన్న భయంతోనే ఆమె పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది.

"డాక్టర్ని అడగాల్సినవి రాయి. నేను బిగ్గరగా అడుగుతా."

అతను పెన్ను అందుకున్నాడు. ఒక్క వాక్యం రాసి, ఆమె ముందుకు తోశాడు.

'మాత్రలు ఈరోజే తగ్గిస్తారా?'