కీ ఇచ్చిన చెయ్యి

పాత వాచీల విషయంలో ఆ కొట్టు ఆవిడ మహా గట్టి మనిషి. ఎంత ఖరీదైన ఆడవాళ్ల వాచీ తెచ్చినా వెనక మూత తీసి లోపల చూడందే అసలుదని ఒప్పుకోదు. మూత తియ్యకుండా ఎవరూ కీ ఇవ్వకూడదని ఖండితంగా చెప్పేసింది కూడా. లోపల ఏం విరిగి ఉందో ఎవరికి తెలుసు? ఆవిడ మొగుడికేమో చేతులు ఊరుకోవు. నోరైతే అసలే ఊరుకోదు.

ఆ మధ్యాహ్నం బయట ఒకటే వాన. ఒక ముసలావిడ వచ్చి, తడిసిన చేతిరుమాలు విప్పింది. చిటికెనవేలి గోరంత డయల్ ఉన్న రవ్వల వాచీ. ఏళ్ల తరబడి మూసేసిన గది తలుపు తీసినట్టు ఏదో వాసన వచ్చింది.

"అసలుదో కాదో చూసి చెప్పమ్మా. కీ మాత్రం ఇవ్వొద్దు," అని గొణిగి కుర్చీలో కూలబడింది.

కొట్టు ఆవిడ రాళ్ల మీద నోటితో ఆవిరి ఊది, భూతద్దంలోంచి చూసింది. గాజైతే మసక కాసేపు నిలుస్తుంది. ఇక్కడ ఊదీ ఊదగానే మాయమైపోయింది. అబ్బ, అన్నీ వజ్రాలే! సంబరపడిపోతూ, మూత తీసే పనిముట్టు కోసం లోపలి గదిలోకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి వాచీ నడుస్తోంది.

"కీ ఇచ్చారా?"

"ఊరికే చూద్దామని... బిగువుగానే తిరిగిందోయ్," మొగుడు నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది ఆవిడకి. సణుక్కుంటూనే మూత తీసింది. చక్రాలన్నీ తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అయినా... టిక్... టిక్...

"లోపల స్ప్రింగే లేదండీ," గుసగుసగా అంది. "మరి మీరు బిగించింది దేన్ని?"

ముసలావిడ లేచింది. వాచీ వైపు కాదు, మొగుడి వైపు జాలిగా చూసింది. "ఇచ్చేశాడా? ఇక దాన్ని ఆగనివ్వకు తల్లీ," అని వానలోకి వెళ్లిపోయింది.

ఆవిడ భయం భయంగా మొగుడి మణికట్టు పట్టుకుంది. నాడి... టిక్. నాడి... టిక్. రెండూ ఒక్కసారే. వాచీ మందగించింది. కబుర్లు చెబుతున్నవాడల్లా ఆగి, గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆవిడ గబగబా కీ ఇచ్చింది.

"ఏదో కళ్లు తిరిగాయిలే," అని ఆయన మళ్లీ కబుర్లలో పడ్డాడు.

అప్పట్నించీ రోజూ పొద్దున్నే ఆవిడే కీ ఇస్తోంది. ఇంకొకళ్ల చేతికి ఇవ్వదు, ఏ ఊరూ వెళ్లదు. మనిషి కళ్ల ముందు తిరుగుతున్నాడు, అదే పదివేలు అనుకుంది.

ఒకనాడు బాగా చలి. మాట్లాడుతుంటే ఆవిడ నోట్లోంచి పొగలా ఆవిరి వస్తోంది. ఎదురుగా కూర్చుని గలగలా మాట్లాడుతున్న మొగుడి నోట్లోంచి... ఏమీ రావడం లేదు. మెల్లగా భూతద్దం తీసి ఆయన పెదవుల దగ్గర పెట్టింది.

"ఏంటోయ్, నేను అసలువాణ్ణో కాదో చూస్తున్నావా?" నవ్వుతూ గట్టిగా ఊదాడాయన.

భూతద్దం మసకబారలేదు.

ఆవిడ చేతిలోని వాచీ కేసి చూసింది. చిన్న అద్దం మీద ఆవిరి కమ్ముతోంది... పోతోంది... మళ్లీ కమ్ముతోంది. కొంగుతో తుడిచింది. పోలేదు.

ఆవిరి లోపలి వైపు ఉంది.