ఫ్రిజ్ మీద రాయని మందు

దేశం కాని దేశంలో, పాపటోయిటోయి అనే పేటలో వాళ్ళు అద్దెకుంటున్న ఇంట్లో పొద్దున్నే మొదట వినిపించేది అక్షర దగ్గు. రెండేళ్ళ నాలుగు నెలల పిల్ల. ప్రీస్కూల్లో చేరి మూడు నెలలు కావస్తోంది. అందులో ముక్కు కారని వారం ఒక్కటీ లేదు. కొత్త పాట ఒకటి నేర్చుకొస్తే, వెంటే కొత్త జలుబూ తెచ్చేది. మొదటి ఏడాది పిల్లలందరికీ ఇంతేనని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. ఆయనకేం, నవ్వుతాడు.

ఆ బుధవారం స్పందన ఇడ్లీ నోట్లో కుక్కుకుంటూ యూనిఫారం గుండీలు పెట్టుకుంటోంది. రోజూ కూతురికి క్లిప్పులు పెట్టేది తనే. ఇవాళ భర్త శ్రీవత్స పెట్టేశాడు, జాకెట్ కూడా తొడిగేశాడు.

"నువ్వెళ్ళు స్పందూ, నేను దింపేస్తాగా."

"కాస్త నీరసంగా ఉన్నట్టుంది కదూ?"

"నిద్ర చాల్లేదంతే."

స్పందన గుమ్మంలోంచే ముద్దు విసిరి బస్సుకు పరుగెత్తింది. మందుల షాపు కౌంటర్లో ఉద్యోగం ఆమెది. తొంభై రోజుల ట్రయల్లో ఇది ఎనభై ఏడో రోజు. ఈలోగా యజమాని వద్దనుకుంటే కారణం చెప్పకుండానే పంపించెయ్యొచ్చు. అక్షర జ్వరాలకు ఇప్పటికే నాలుగుసార్లు మానేసింది. నాలుగోసారి ఆయన, "ఇలా అయితే కష్టమమ్మా," అన్నాడు. మెత్తగానే అన్నాడు గానీ స్పందనకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

పదకొండున్నరకు ప్రీస్కూల్ టీచర్ హానా ఫోన్ చేసింది. అక్షరకు ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరం, అంటే మన లెక్కలో నూటరెండు పైనే, వచ్చి తీసుకెళ్ళమంది. ఆపైన ఎంతో మర్యాదగా అడిగింది. "పొద్దున్న ఇంట్లో సిరప్ ఏమైనా ఇచ్చారా? కొందరు జ్వరం బయటపడకుండా ఇచ్చి పంపిస్తుంటారు."

స్పందనకు ఒళ్ళు మండిపోయింది. "అలా చెయ్యొద్దని రోజూ పదిమంది తల్లులకు చెప్పేదాన్ని నేను. మా ఇంట్లో అలాంటిది జరగదు," అంది, కౌంటర్ ముందున్నవాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా.

సెలవడిగితే యజమాని తలూపాడు. ఊపుతూనే గోడ గడియారం వైపు చూశాడు.

టాక్సీలో పిల్లను ఇంటికి తెచ్చి సోఫాలో పడుకోబెట్టి, ఫ్రిజ్ దగ్గరకెళ్ళింది. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ మందు, ఎన్నింటికి, ఎవరు పట్టించారు అన్నీ అందులో రాయాలి. పనుల హడావిడిలో ఒకరికి తెలియకుండా ఒకరు పట్టించేస్తే ప్రమాదమని ఆ నియమం పెట్టింది స్పందనే. చివరగా రాసింది ఆదివారం. అంటే ఇవాళ ఏ మందూ పడలేదు. సూదిలేని సిరంజిలోకి గులాబీ రంగు సిరప్ లాగి పిల్ల నోటి దగ్గర పెట్టింది.

అక్షర మొహం తిప్పేసుకుంది. "నో మోర్ పింక్. డాడీ గేవ్. ఇన్ ద కార్."

"ఎప్పుడు బంగారం?"

"ఎవ్రీ డే." దానికి నిన్నైనా నెల కిందటైనా ఎవ్రీ డేనే.

స్పందన సిరంజి పక్కన పెట్టేసింది. మా ఇంట్లో జరగదని అందరి ముందూ అన్న మాట గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

నాలుగింటికి ఎయిర్‌పోర్ట్ దగ్గరి గోడౌన్ నుంచి శ్రీవత్స వచ్చాడు. అతని చేతిలోంచి కారు తాళం లాక్కుని వెళ్ళి, డాష్‌బోర్డ్ అరలో వెతికింది. కాగితాల కింద సగం ఖాళీ అయిన చిన్న సీసా, టిష్యూలో చుట్టిన సిరంజి. తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"ఎన్నిసార్లు?"

శ్రీవత్స ఇంకా బూట్లు విప్పలేదు. "ఇవాళ్టితో మూడు. ఈ నెలలో."

"టీచర్ అడిగితే నీ మీద ఈగ వాలనివ్వలేదు వత్సా. ఆవిడ మీదే అరిచాను!"

"నీ ఉద్యోగం కోసమే చేశాను. ఇంకో మూడు రోజులు గడిస్తే..."

"నేనడిగానా? నువ్వు సెలవు పెట్టలేవా?"

"నా సిక్ లీవ్ పోయిన నెలలోనే అయిపోయింది. నీకు ఆరు నెలలు నిండితే గానీ రాదు. ఏం చెయ్యమంటావు?"

"నాతో చెప్పమంటాను! కాగితం మీద లేదని మళ్ళీ పట్టించబోయాను. అక్షర చెప్పకపోయుంటే? నా చేత్తో నేనే..." సీసాను అతని వైపు నెట్టింది. "బయటివాడు చేస్తే పోలీసులకి చెప్పేదాన్ని. నువ్వు చేస్తే ఎవరికి చెప్పుకోను?"

శ్రీవత్స కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పొద్దున్న నువ్వు పిల్లనెందుకు ముట్టుకోలేదు?"

"బస్సుకి..."

"బస్సుకి టైముంది. రోజూ నుదుటి మీద చెయ్యి పెట్టి గానీ నువ్వు గుమ్మం దాటవు. ఈ నెలలో మూడుసార్లు దూరం నుంచే వెళ్ళిపోయావు. నేను మందు పట్టించింది ఆ మూడు రోజులే."

ఛీ, అందామనుకుంది స్పందన. కానీ పొద్దున్న ఎర్రబడ్డ చెంపలు తను చూసింది. నీళ్ళు నిండిన కళ్ళూ చూసింది. ముట్టుకుంటే తెలిసిపోతుంది, తెలిస్తే ఆగిపోవాలి. అందుకే గుమ్మంలోనే ఉండిపోయింది. కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

"నీ మీదకి తోసెయ్యాలని కాదు స్పందూ. పట్టించింది నేనే." అతని కళ్ళూ తడిశాయి.

"ఫోన్ చెయ్యి. నువ్వే చెప్పు."

శ్రీవత్స హానాకు ఫోన్ చేసి మూడుసార్లూ చెప్పాడు, క్షమించమన్నాడు. జ్వరం పూర్తిగా తగ్గి ఒక రోజు గడిచాకే తీసుకురమ్మని, చెప్పినందుకు థాంక్స్ అని ఆవిడంది. స్పందన తన యజమానికి, రేపూ ఎల్లుండీ రాలేనని మెసేజ్ పెట్టింది. జవాబు రాలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

"నిన్నింకా క్షమించలేదు నేను," అంది.

"తెలుసు."

అతను పెన్ను తీసుకుని ఫ్రిజ్ ముందు నిలబడి, మూడు తేదీలూ, మూడు వేళలూ, ఎదురుగా తన పేరూ రాశాడు. స్పందన సోఫా దగ్గరకెళ్ళి అక్షర నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. కాలిపోతోంది. కాసేపు అలాగే ఉంచింది.

తర్వాత లేచి వచ్చి, అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఎవరు పట్టించారు అన్నచోట మూడుసార్లు ఉన్న వత్స పేరు పక్కన, మూడుసార్లూ తన పేరు రాసింది.