నా చేతి మీద ఇంకో చెయ్యి

"పిచ్చుకా! ఏ లోకంలో విహరిస్తున్నావే? ట్యూబు తీసేశాను, నొక్కు!"

హెడ్ నర్సు అక్క కేకకి ఉలిక్కిపడి, మంచం మీదున్న టీచరమ్మ తొడ మొదట్లో అరచెయ్యి ఆనించాను. గుండెలోకి ట్యూబు పంపిన చోటు అది. రక్తనాళానికి పడ్డ రంధ్రం మూసుకునేదాకా ఇరవై నిమిషాలు అదిమిపట్టాలి. వార్డులో నా పని అదే.

మధ్యాహ్నం మూడు. స్పిరిట్ వాసన. తెర బయట అలికిడి లేదు. ఎదురు మంచం ఖాళీ. నెల కిందట దాని మీద వాచీలు బాగుచేసే తాతయ్య ఉండేవాడు. చూడటానికి ఒక్కరూ రాలేదు. "చెయ్యి తియ్యకే తల్లీ, మనిషి తోడున్నట్టుంది," అన్నాడు, నేనిలాగే నొక్కుతుంటే.

పది నిమిషాలయ్యాక నా చేతి మీద ఏదో ఆనింది. చల్లగా... బరువుగా.

చూశాను. ఏమీ లేదు. నా వేళ్లు మాత్రం నొక్కుకుపోయి తెల్లబడుతున్నాయి.

"అమ్మాయీ," టీచరమ్మ గొణిగింది. "ఒకరు చాలరూ? ఇద్దరెందుకు నొక్కుతున్నారు?"

"నేనొక్కదాన్నేనండీ..."

"మరి ఆ చల్లటి చెయ్యి ఎవరిది?"

చెయ్యి కదపకుండా ఇంకా గట్టిగా అదిమాను.

"అబ్బా... నడుం లాగేస్తోందే..." టీచరమ్మ మూలిగింది.

గాయం దగ్గర ఒక్క చుక్క రక్తం లేదు. ఫైలు రాస్తున్న అక్క తలెత్తకుండానే అంది: "కదలకుండా పడుకుంటే నడుం పట్టెయ్యదూ? ఓర్చుకోండి మేడమ్."

అదే మాట. తాతయ్యతో నేనూ అదే అన్నాను. ఎక్కడో ఒకరికి రక్తం బయటికి రాకుండా లోపల నడుం వైపు కారిపోతుందట. ఆయన పోయాకే తెలిసింది నాకు.

"అక్కా... డాక్టరుగారిని పిలువు. లోపల కారుతోంది."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావే? బీపీ కాస్త తగ్గితే అంత కంగారా?"

మానిటర్ మీద అంకె దిగుతోంది. తొంభై... ఎనభై రెండు... టీచరమ్మ పెదాలు పాలిపోయాయి. నా చేతి మీద బరువు పెరుగుతోంది... పెరుగుతోంది.

"తాతయ్యకి ఇరవై నిమిషాలు నొక్కలేదక్కా!" అరిచాను. "ఎనిమిది నిమిషాలకే చెయ్యి తీసేశాను. ఈమెకీ అదే అవుతోంది. పిలువక్కా!"

అక్క ఫోను వైపు పరుగెత్తింది. డాక్టరుగారు వస్తున్నారట. టీచరమ్మ నా కొంగు పట్టుకుంది.

కానీ నా చేతి మీది ఆ చల్లటి చెయ్యి వదల్లేదు. చెవి పక్కన చల్లటి ఊపిరి... ఇంకా ఏదో వినాలన్నట్టు.

"ఆ రోజు నేను ప్రేమించినవాడి ఫోనొచ్చిందక్కా, అందుకే తీసేశాను," అన్నాను ఏడుస్తూ. "అతను మాట్లాడితే నాకు ఒళ్లు తెలియదు. నడుం నొప్పని తాతయ్య మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ విన్నాను. వింటూ... నవ్వుతూ మాట్లాడుతూనే ఉన్నాను."