వేల కళ్ల దిష్టి

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన ఉండగానే వేమగల్ దగ్గరి ఆ పల్లెలో గుడ్లగూబ కూసింది. మబ్బుతునకైనా లేని ఆకాశం ఫెళఫెళమని ఉరిమింది. మరుక్షణమే పట్టుపురుగుల షెడ్డులోంచి గుండెలవిసేలా ఒక వికృతమైన మూలుగు!

సొన్నమ్మ చేతిలోని మల్బరీ ఆకుల తట్ట జారిపడింది. ఒక్క పరుగున లోపలికి వెళ్లింది. కోడలు రక్షిత నేలమీద పడి ఉంది. కనుగుడ్లు తెల్లగా తిరగబడ్డాయి. గూడు కట్టే పురుగులాగే తలను అటూ ఇటూ తిప్పుతోంది. నోట్లోంచి తడి దారం! సన్నగా మెరుస్తూ, తెగకుండా సాగి... ఎదురుగా తట్టలకు ఆనించిన ఫోన్లోకి పోతోంది!

పురుగుల షెడ్డులోకి పరాయివాళ్లను రానివ్వకూడదు. ఆ ఇంట్లో అది తాతల నాటి కట్టుబాటు. కళ్లు పడితే పురుగు గూడు కట్టదంటారు. రక్షిత ఎవరి కాలూ గడప దాటనివ్వలేదు, నిజమే. ఫోన్లో వీడియోలు పెట్టి లోకాన్నంతా లోపలికి పిలిచింది, అంతే! మొదట్లో మేలే జరిగింది, అబద్ధమెందుకు? కిందటేడు పురుగులు సున్నపు ముక్కల్లా బిగుసుకుపోయే సున్నకట్టు రోగం వస్తే, మదనపల్లె గురువమ్మ అనే ముఖమెరుగని రైతు ఫోన్లోనే మందు చెప్పి పంట నిలబెట్టింది. సొన్నమ్మే ఊరంతా చెప్పుకుని మురిసింది. కానీ ఆ చూసేవాళ్ల గుంపులోనే ఒక పాపిష్టి కన్ను కాచుకుని ఉంది.

ఫోన్ తెరమీది బొమ్మ రెండు సగాలైంది. పైన రక్షిత. కింద... వాడు! క్షుద్రోపాసకుడు చెన్నప్ప! మూతపడ్డ బంగారు గనుల పక్క కోరమండల్‌లో, పాడుబడ్డ గని కార్మికుల ఇల్లు. కిటికీ అవతల బంగారం తీయగా మిగిలిన బూడిదరంగు సైనైడ్ మట్టి దిబ్బ. వాడి ఒళ్లో కపాలం! తెరలోంచి వస్తున్న దారాన్ని ఆ కపాలానికి చుడుతున్నాడు.

"నీ కోడలే నన్ను పిలిచినాది ముసిలీ! పురుగులు చస్తా ఉండాయి, దిష్టి తీయి సామీ అని మెసేజీ పెట్టినాది. పేరు, నక్షత్రం, వెంట్రుకల ఫోటో... అడిగిందల్లా ఇచ్చినాది. లైవ్ పెట్టమంటే పెట్టినాది. ఇన్ని వేల కళ్ల దిష్టితో ఆమె ప్రాణాన్ని దారం తీస్తా ఉండాను. ఈ పుర్రె నిండా చుట్టేస్తే ఆయుస్సంతా నాదే! హ్హహ్హహ్హ!"

సొన్నమ్మ కత్తెర అందుకుంది. దారాన్ని తాకిందో లేదో రక్షిత నోట్లోంచి భళుక్కున నెత్తురు!

"తెంపు! తెంపితే ఇప్పుడే చస్తాది!" అన్నాడు చెన్నప్ప.

సొన్నమ్మ కుప్పకూలిపోయింది. కొడుకు వసంత్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. పిలుద్దామంటే ఉన్న ఒక్క ఫోనూ ఆ దుర్మార్గుడి వశం. "నీ కాళ్లు పట్టుకుంటానప్పా, నా ప్రాణం తీసుకో, బిడ్డని వదిలేయ్!" అని నేలకు తల కొట్టుకుంది. రక్షిత బుగ్గలు లోతుకు పోతున్నాయి... నల్లని జుట్టు కుదుళ్ల నుంచి నెరుస్తోంది! తెరమీద మాత్రం నవ్వుబొమ్మలు పైకి పాకుతున్నాయి. 'యాక్టింగ్ సూపర్' అని ఎవడో రాశాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!

ఆ నవ్వులు చూసి సొన్నమ్మ ఒళ్లు మండిపోయింది. ముల్లును ముల్లుతోనే తీయాలి. దిష్టి ఎవరి కళ్లదో, వాళ్లే ఉమ్మాలి! వంటింట్లోకి ఉరికి గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చింది. కోడలి చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆ పిడికిలిని తెర ముందు పెట్టింది.

"అమ్మల్లారా, అప్పల్లారా! ఇది ఆట కాదు! నా బిడ్డని కళ్లారా చూసినారు కదా, ఇంగ దీనిమింద ఉమ్మండి! మీ దిష్టి మీరే తీయండి! అమ్మా కోలారమ్మా, యాడుండావే తల్లీ!"

తెరమీద ఇంకా నవ్వుబొమ్మలే పాకాయి. రక్షిత ఊపిరి ఆగిపోయింది...

అప్పుడు తెరమీద ఒక్క మాట. మదనపల్లె గురువమ్మ! 'తూ! తూ! తూ!' వెనకే కోరమండల్ నుంచి జెసింతా అనే ఆమె రాసింది: 'మేము చర్చికి పోయేవాళ్లం. అయినా చెల్లెలి కోసం, తూ!' తర్వాత పదిమంది, వందమంది, వేలమంది! ఇంతసేపూ నవ్వినవాళ్లు కూడా!

ఆకాశం దద్దరిల్లింది! కపాలం మీది దారం గిర్రున వెనక్కి తిరిగింది. సగం రక్షిత నోటికి చేరింది. మిగతా దిష్టి దారం పాములా లేచి చెన్నప్ప మెడకు చుట్టుకుంది!

"వద్దు! కళ్లు మూసుకోండి! నన్ను చూడొద్దండీ!"

వాడి వెనక గోడమీద రెండు మహోగ్ర నేత్రాలు తెరుచుకున్నాయి. కోలారమ్మ కళ్లు! దారం వాడి చేతుల్ని, నోటిని, ముఖాన్ని కప్పేసింది. మనిషంత తెల్లని గూడు! లోపల కాసేపు గింజులాట... ఆపైన మంట! కపాలం ఫట్‌మని పగిలింది. తెర కింది సగం నల్లబడింది.

సొన్నమ్మ ఫోన్‌ను బోర్లించింది.

"అమ్మీ! రక్షితా!"

రక్షిత కళ్లు తెరిచింది. "పురుగులు చచ్చిపోతా ఉండాయి అత్తా..."

"చస్తే చావనీలే. ముక్కూముఖం తెలీనోడికి చెప్పుకుంటివే, పక్కనుండే నాకొక మాట చెప్పకూడదా?"

రక్షిత అత్త చీరకొంగు పట్టుకుంది.

"నువ్వు తిడతావని, అత్తా."

సొన్నమ్మ నిజంగానే తిట్టి ఉండేది. కోడలి నెరిసిన తలను ఒళ్లోకి లాక్కుని బావురుమంది.