రోజారియో మిస్సమ్మ ముద్ద

నాకు చిన్నప్పటి నుంచీ కంపు అంటే పడదు. చేపలమ్మ సందు మొదట్లో కేక వేస్తే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. మా ఆయన జయపాల్ నాంపల్లి స్టేషన్‌లో గుమాస్తా. "నీ ముక్కుకు పోలీసోళ్లు నౌకరి ఇస్తరు లీలా" అని ఎగతాళి చేసేవారు. అలాంటి నేను ఆ ఇంట్లో ఒక వానాకాలమంతా ఎట్లా ఉన్నానో ఇప్పటికీ నాకే తెలియదు.

అది రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది. ఆబిడ్స్ రోడ్డు వెనక సందులో కింది వాటా మాది, పై వాటా వసుమతి వాళ్లది. వసుమతి భర్త కోర్టులో పనిచేసేవాడు. మాకు ముందు ఆ కింది వాటాలో రోజారియో మిస్సమ్మ అనే ముసలావిడ ఒంటరిగా ఉండేదట. దొరల పిల్లలకు లాటిన్ చెప్పి బతికేదట. నడి ఎండాకాలంలో తలుపులు వేసుకుని చచ్చిపోతే, సందులో జనానికి వాసన తగిలాక గానీ తెలియలేదట. ఇంటివాళ్లు గోడలకు సున్నం కొట్టించి మాకు కిరాయికిచ్చారు. ఈ సంగతంతా మేం సామాను దించుకున్నాక వసుమతి చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. బకెట్ల కొద్దీ ఫినాయిల్ పోసి నేల కడిగాను. గోడ అల్మారాలో ఆమె పుస్తకాలు కొన్ని మిగిలి ఉంటే బయట పారేయబోయాను. అందులో ఒకటి లాటిన్ మొదటి వాచకం. దాన్ని మాత్రం తుడిచి దాచాను, ఎందుకంటే అది మాకు అవసరం.

మా విక్టోరియాకు అప్పుడు తొమ్మిదేళ్లు. దాన్ని డాక్టర్ని చెయ్యాలని మా ఇద్దరికీ ఒకటే ఆశ. దానికి దొరసానుల బడిలో సీటు దొరకాలి. ఆ బడి పెద్ద దొరసాని పిల్లను చూసి మెచ్చుకుంది గానీ, లాటిన్ రాకపోతే తమ తరగతిలో కూర్చోలేదని చెప్పేసింది. క్రిస్మస్ సెలవులయ్యాక పరీక్ష పెడతానంది. మాకు తెలిసినవాళ్లలో లాటిన్ వచ్చినవాళ్లు లేరు. నేను మెదక్ మిషన్ బడిలో చదివాను. ఇంగ్లీషు వచ్చు, కుట్లు వచ్చు. లాటిన్ ముక్క రాదు. అయినా నేనే చెప్పాలని మొండికేశాను.

పద్ధతి ఏమిటంటే, పగలు పిల్ల బడికి పోయినప్పుడు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఒక పాఠం నేను చదువుకునేదాన్ని. సాయంత్రం అదే దానికి చెప్పేదాన్ని. పలకడం సరో కాదో దేవుడికే తెలియాలి. విక్టోరియా తిండి దగ్గర మహా పేచీ. అందుకని రెండు పనులూ ఒకేసారి పెట్టుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ నాకు తినిపించినట్టే, ఒక్కో ముద్ద ఒక్కొక్కరి పేరు మీద. ఒక మాట చెబితే ఒక ముద్ద.

"ఇది తాత ముద్ద. మెన్సా."

"మెన్సా. బల్ల," అని నోరు తెరిచేది.

"ఇది మేనత్త ముద్ద. ఆక్వా."

"ఆక్వా. నీళ్లు."

పాఠాలు పెరిగాయి, మాటలు పెరిగాయి, చుట్టాలు మాత్రం పెరగలేదు. ఒకరోజు అది ముద్ద ముందు మూతి బిగించి, "ఇంకెవలు లేరా అమ్మా?" అంది.

"ఎందుకు లేరు? గీ పుస్తకం రోజారియో మిస్సమ్మది గదా! ఇది మిస్సమ్మ ముద్ద," అన్నాను నవ్వుతూ.

అది గబుక్కున మింగింది. ఆ రోజు నుంచీ రోజూ ఒక ముద్ద మిస్సమ్మది.

కరివేపాకు కోసం దిగొచ్చిన వసుమతి ఒకసారి ఇది విని గుమ్మంలోనే ఆగిపోయింది. "అదేందక్కా? చచ్చినోళ్ల పేరు మీద ముద్ద పెడితె కాకికి ఏస్తం గానీ, పిల్ల నోట్లె పెడ్తరా?"

"మాకు గసొంటివి లేవమ్మా," అన్నాను కొంచెం గొప్పగానే. మా తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడే పిండాలూ తద్దినాలూ మానేశాడు. ఆ ముద్దలు ఎవరికి, ఎందుకు పెట్టేవారో కూడా మా ఇంట్లో మరిచిపోయాం.

ఆ తర్వాత పిల్లకు చదువు తెగ వంటబట్టింది. నేను పుస్తకం తెరవకముందే పాఠం అప్పజెప్పేది. నేను మురిసిపోయాను, అబద్ధమెందుకు. చర్చిలో కనబడిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. తర్వాత ఒకరోజు లెక్క తప్పింది. అది చెప్పే మాటలు నేనింకా చదవని పాఠాలవి.

అప్పటికే ఇంట్లో కంపు మొదలైంది. పగలంతా ఉండేది కాదు, సాయంత్రం కంచం ముందు కూర్చోగానే వచ్చేది. ఎలుక చచ్చిందనుకుని పెట్టెలు జరిపించాను, మోరీలో సున్నం పోయించాను. మా ఆయనకేమో ఏమీ తగలదు. "వానలు గదా, గోడలు చెమ్మెక్కినయి," అనేవారు. చెమ్మ వాసన నాకు తెలియదా? ఇది వేరు. కడగని పళ్లసెట్టు నానబెట్టిన నీళ్ల వాసన. ముసలి నోటి వాసన. దాని కింద ఇంకోటి ఉంది, కుళ్లిన మాంసానిది. ఒక సాయంత్రం విక్టోరియా మాట చెప్పి, ముద్ద కోసం ముందుకు వంగి నోరు తెరిచింది. నాకు వాంతి వచ్చినంత పనైంది.

ఆ కంపు నా బిడ్డ నోట్లోంచి వస్తోంది.

వేపపుల్లతో తోమించాను, ఉప్పునీళ్లు పుక్కిలింపించాను. దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ పళ్లన్నీ చూసి, కడుపులో పురుగులుంటాయని మందిచ్చాడు. మందు పనిచెయ్యలేదు. నా పిల్లను ముద్దు పెట్టుకోవడానికి నాకు అసహ్యం వేసింది. కన్నతల్లికి రాకూడని అసహ్యం. లాటిన్ ఆపేద్దామా అనుకున్నాను. కానీ పరీక్ష దగ్గరపడుతోంది, పిల్ల గడగడా చెబుతోంది. ఈ కొద్ది నెలలు ఓర్చుకుంటే సీటు వస్తుందని నాకు నేనే చెప్పుకుని, ఊపిరి బిగబట్టి ముద్దలు పెట్టాను.

ఆ దినాల్లోనే అది నిద్రలో ఒకటే మాట అనడం మొదలుపెట్టింది. "ఎసూరియో... ఎసూరియో..." వాచకం చివరి పేజీల్లోని అర్థాల్లో వెతికితే దొరికింది. ఆకలేస్తోంది అని.

ఒక సాయంత్రం ముసురు పట్టింది. మా ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నేను పప్పూ అన్నం కలిపి కూర్చున్నాను, బల్లకు అవతల విక్టోరియా. రెండు ముద్దలు తిన్నదో లేదో కరెంటు పోయింది. కిటికీ బయట కూడా చీకటే. వాన చప్పుడు, దూరంగా స్టేషన్‌లో ఇంజన్ ఆవిరి వదిలిన చప్పుడు, అంతే.

"కదలకు బిడ్డా. గిలాస పడగొడ్తవు. జర సేపట్ల అదే వస్తది," అన్నాను.

కుర్చీ కిర్రుమంది. కంపు గుప్పుమని ముఖానికి కొట్టింది.

"పాఠం చెప్పు," అన్నాను, ఊరికే కూర్చుంటే భయమేస్తుందని.

"పానిస్..." గుసగుస వచ్చింది చీకట్లోంచి. రొట్టె. సరే. చెయ్యి చాచి ముద్ద పెట్టాను. చప్పరించిన చప్పుడు.

"కారో..." మాంసం. అది నేను చెప్పిన మాట కాదు. అయినా పెట్టాను.

"ఎసూరియో..."

ముద్ద అందించాను. ఈసారి పెదవులు నా వేళ్ల మీద మూసుకున్నాయి... చల్లగా. మెత్తగా. పళ్లు లేవు. చిగుళ్లు నా వేళ్లను పట్టుకుని నములుతున్నాయి... నాలుక, జిగటగా, గరుగ్గా ఉన్న నాలుక, ఒక్కో వేలి చుట్టూ తిరిగి గోటి సందుల్లో మెతుకులు వెతుక్కుంటోంది... చెయ్యి లాక్కుందామంటే రాదు.

అప్పుడు వెనక, మెట్ల వైపు నుంచి, గలగలమని నా కూతురి గొంతు.

"అమ్మా! వసుమతత్త దగ్గర లాంతరు తెచ్చిన!"

చిగుళ్లు నా వేళ్లను వదిలాయి. గుమ్మంలో వెలుతురు పడింది. విక్టోరియా, దాని వెనక లాంతరు పట్టుకుని వసుమతి. బల్ల అవతల కుర్చీ ఖాళీ. కంచం నాకేసినట్టుంది. నా కుడిచెయ్యి మణికట్టు దాకా చిక్కటి పచ్చటి చొంగ.

వసుమతి నా చేతినీ కుర్చీనీ చూసింది. గొంతు తగ్గించి అడిగింది. "ఎవలకు పెడ్తున్నరక్కా?"

నేను అక్కడే వాంతి చేసుకున్నాను.

మర్నాడే ఆ ఇల్లు విడిచాం. మా ఆయన నా మాట నమ్మలేదు గానీ, నా ముఖం చూసి సామాను మోయడానికి బండి పిలిచారు. వాచకాన్ని వాకిట్లోనే కిరసనాయిలు పోసి తగలబెట్టాను. హిమాయత్‌నగర్‌లో కొత్తగా కట్టిన ఇంట్లో చేరాం. పరీక్షకు పంపలేదు. సీటు పోయింది, డాక్టర్ చదువు ఆశ పోయింది, పోతే పోనీ. నాకు నా పిల్ల కావాలి. దానికి చేత్తో తినిపించడం మానేసి చెంచా ఇచ్చాను. కొన్నాళ్లకు నోటి కంపు పోయింది. నేను మళ్లీ దాన్ని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోగలిగాను. ఆ రోజు ఎంత ఏడ్చానో!

క్రిస్మస్ వెళ్లిపోయింది. ఒక సాయంత్రం రొట్టెలు చేసి పిలిస్తే విక్టోరియా రాలేదు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"రా బిడ్డా, తిందువు."

"వద్దమ్మా. తిన్న."

"ఏడ తిన్నవు? నేనింకా పెట్టనే లేదు."

అది మంచం దిగి నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అంది. "మిస్సమ్మ పెట్టింది. రోజూ పాఠం చెప్తది. ఒక్కో మాటకు ఒక ముద్ద. నువ్వు ఆమెకు పెట్టినవు గదా, ఇప్పుడు ఆమె నాకు పెడ్తది."

దాని భుజాలు పట్టుకున్నాను. "ఏం పెట్టింది?"

"ఏమో... చల్లగుంటది."

"నోరు తెరువు."

తెరిచింది. ఆ కంపు. లాంతరు దగ్గరికి తెచ్చి చూశాను. మెతుకు లేదు, ఏమీ లేదు. నాలుక మీద మాత్రం ఒక తెల్లటి వెంట్రుక, కొస పెదవి దాకా వచ్చి ఉంది. అసహ్యంతో కళ్లు మూసుకుని రెండు వేళ్లతో పట్టుకుని లాగాను. వచ్చింది. ఇంకా వచ్చింది. మూర పొడుగు వచ్చాక కూడా తెగలేదు. తడిగా, జిగురుగా నా వేలికి చుట్టుకుంటోంది... విక్టోరియా కదలకుండా నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది.

ఇంకొంచెం లాగాను.

లోపలి నుంచి ఎవరో మెల్లగా వెనక్కి లాగారు.