మాస్టారి వేసవి సెలవులు

మాస్టారి సంవత్సరీకం ముగిసిన మర్నాటి ఉదయం భారతీదేవి పెరటి అరుగు మీద కూర్చుని పనసపొట్టు కొడుతోంది. కోడలు వాసవీకుమారి వంటింట్లోంచి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. మూడోసారి ఉండబట్టలేక అడిగేసింది.

"ముగ్గురం తినడానికి ఇంత కూరేటి అత్తయ్యా?"

"గోపాలపూర్ నుంచి మీ మావయ్యగారి దగ్గర చదువుకున్నవాళ్ళు వస్తున్నారమ్మా. నేనే కబురు పెట్టేను."

"మీ అబ్బాయికి చెప్పేరా?"

"చెప్తే వద్దంటాడు."

మాస్టారు వెంకటరమణమూర్తి కోమటింట పుట్టి బడిపంతులైనవాడు. అన్నగారు బరంపురంలో దినుసుల కొట్టు నడుపుతూ, "మావాడు త్రాసు పట్టుకోమంటే సుద్దముక్క పట్టుకున్నాడు" అని నవ్వేవాడు. మాస్టారు ఆ నవ్వుతో తానూ కలిసి నవ్వి, మర్నాడు మళ్ళీ గోపాలపూర్ రేవు పక్క బడికి వెళ్ళిపోయేవాడు. ముప్పై రెండేళ్ళు అక్కడే. తెలుగు పిల్లలకు తెలుగులో, ఒరియా పిల్లలకు ఒరియాలో లెక్క చెప్పేవాడు. చెప్పింది బుర్రకెక్కకపోతే కేకలేసేవాడు కాదు, మొదటినుంచి మళ్ళీ చెప్పేవాడు. పింఛను వచ్చాక బరంపురంలో కొడుకింటికి చేరినా, బడి గంట వేళకల్లా కోటు తొడుక్కుని వీధి అరుగు మీద కూర్చునేవాడు. "ఎక్కడికండీ?" అని భార్య అడిగితే, "ఎక్కడికీ లేదే. ఒంటికి అలవాటైపోయింది" అనేవాడు. బేరమాడటం మాత్రం చివరిదాకా చేతకాలేదు. కూరలమ్మే మనిషి ఎంత చెప్తే అంతా ఇచ్చి, పైగా ఆవిడ పిల్లలు బడికెళ్తున్నారో లేదో అడిగి వచ్చేవాడు.

తాతారావు స్నానం చేసి తల తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చాడు. పెదనాన్న కొట్టు ఇప్పుడతనిదే. ముప్పై ఎనిమిదేళ్ళవాడు.

"ఎవరొస్తున్నారమ్మా?"

"పైడన్న. ఇంకో నలుగురూను."

"రేవులో జాలరి పైడన్నా? వాళ్ళని నట్టింట్లో కూర్చోబెడతావా? బజారులో నలుగురూ ఏటనుకుంటారు?"

"మీ నాన్న వాళ్ళిళ్ళలో కూర్చున్నప్పుడు ఏటనుకున్నారో, అదే అనుకుంటారు."

"పోనీ, వీధి అరుగు మీద ఆకులు వేయించు."

"వేయించను." భారతీదేవి కత్తి పక్కన పెట్టింది. "బజారు సంగతి కాదురా ఇది. నీ కడుపులో ఉన్నది వేరు. నిన్న తద్దినం పెడుతూ కూడా నీ మొహం చూసేను. ఇవాళైనా కక్కేయ్."

తాతారావు చేతిలో తువ్వాలు నలిగింది. గొంతు పెద్దదైంది.

"అవును! ఊరందరి పిల్లలకీ ఆయన నాన్న. నాకొక్కడికే మాస్టారు. ఎనిమిదో తరగతి లెక్కల్లో రెండంటే రెండు మార్కులు తక్కువొచ్చేయి. కన్నకొడుకునని చూడకుండా అందరి ముందూ పేరు చదివి తప్పించేశాడు. ఇంటికొచ్చి ఒక్కమాట ఓదార్చలేదు. ఆ వేసవి సెలవులన్నీ నేను ఏడుస్తూ పడుకుంటే, ఆయన పొద్దున్నే గొడుగు పుచ్చుకుని షికారెళ్ళేవాడు!"

"నిన్నూ రమ్మనేవారు కదరా."

"షికారుకి! తప్పిన మొహం పెట్టుకుని ఒడ్డంట ఎవడు తిరుగుతాడమ్మా?"

భారతీదేవి మళ్ళీ కత్తి అందుకుంది. ఆ సెలవుల్లో ఆయన రోజూ ఎక్కడికి వెళ్ళేవారో ఆమెకూ తెలియదు.

పెరటి గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. పైడన్న. వెనకాల మరో నలుగురు. పైడన్న ఇప్పుడు రేవులో రంగూను ఓడలెక్కే జనం పేర్లు రాసే గుమాస్తా. తాతారావు కేకలు అతని చెవిన పడ్డాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"సిన్నబాబూ, కోప్పడకు. మేస్టరు బాబు షికారుకి ఎల్లనేదు. మా ఇంటికొచ్చీవోరు."

"మీ ఇంటికా?"

"నువ్వు తప్పిన లెక్కలే నానూ తప్పినాను. నాకూ రెండే తక్కువ. మర్నాడు పొద్దున్నే వొచ్చి మా వలల మీద కూకున్నారు. 'ఈడు సదివింది సాలు, పడవెక్కిస్తాను' అన్నాడు మా అయ్య. 'ఈ సెలవులు నాకియ్యి, బడి తెరిసేక మల్లీ పరీచ్చ పెడతాను' అన్నారు ఆయన. రోజూ వొచ్చీవోరు. సంకలో రెండు పలకలు ఉండీవి."

"రెండెందుకు?"

"నానూ అదే అడిగినాను. 'ఒకటి నీది, ఒకటి మావోడిది. కోపంలో ఉన్నాడు, రేపొస్తాడులే' అన్నారు. కొత్త లెక్క ఎత్తుకునే ముందు బయటికెల్లి తోవకేసి సూసీవోరు. రేపు, రేపు అంటానే సెలవులన్నీ ఎల్లిపోనాయి. ఆకరి రోజున మా అయ్యతో అంటంటే ఇన్నాను. 'బళ్ళో ఎవుల్నైనా పిలవగల్ను జగ్గన్నా. ఇంట్లోనూ మేస్టర్నయిపోయి లెక్కలకి రమ్మంటే ఆడికి నాన్న కూడా నేకుండా పోతాడని బయవేసింది. అందుకే షికారని సెప్పినాను' అన్నారు. పెద్దమనిసి, మా అయ్య ముందు కళ్ళు తుడుసుకున్నారు."



తాతారావుకు ఆ ఉదయాలన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. "తాతా, అలా ఒడ్డుదాకా వస్తావేట్రా?" అని నాన్న మెల్లగా పిలవడం. తను దుప్పటి ముసుగు బిగించుకోవడం. ఆయన వెంటనే వెళ్ళేవాడు కాదు. మంచం దగ్గరే కాసేపు నిలబడేవాడు, ఆ తరవాతే చెప్పుల చప్పుడు వినబడేది. ఒక్కనాడు ముసుగు తీసి ఉంటే చంకలో రెండు పలకలు కనబడేవి. తను తియ్యలేదు. సెలవులు ముగియగానే బరంపురం వచ్చి పెదనాన్న కొట్లో కూర్చున్నాడు.

అతను గడప మీద కూలబడ్డాడు. "నేను వెళ్ళలేదమ్మా," అన్నాడు. "పిలిచేడు. నేనే వెళ్ళలేదు." చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

భారతీదేవి కొడుకు తల దగ్గరకు తీసుకుంది. "నాకూ చెప్పలేదురా. చెప్తే నేను నిన్ను చీపురు పుచ్చుకుని తరుముదునని తెలుసు ఆయనకి," అంది. ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది.

కాసేపటికి తాతారావు లేచి మొహం కడుక్కున్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి అయిదుగురి చేతుల మీదా తానే పోశాడు. నట్టింట్లో ఆకులు వేయించి, పైడన్న పక్కనే తన ఆకు వేసుకున్నాడు. "పక్కనొద్దు బాబూ" అని పైడన్న జరగబోతే చెయ్యి పట్టి ఆపాడు. భారతీదేవి కొసరి కొసరి వడ్డించింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఘాటుకు అందరికీ కళ్ళు చెమర్చాయి కాబట్టి ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేకపోయింది.

"కొట్టు తెరవాలి కదండీ," అంది వాసవీకుమారి గుమ్మంలోంచి, భోజనాలయ్యాక.

"ఇవాళ తెరవను." తాతారావు పైడన్న వైపు తిరిగాడు. "మొదటి రోజు నాన్న ఏ లెక్క చెప్పేరో గుర్తుందా?"

"గురుతు నేకేటి? పొడంపేట కాడ ఏటికి ఎదురెల్లే పడవ లెక్క."

"చెప్పన్నా."

పైడన్న గొంతు సవరించుకున్నాడు. తాతారావు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.