ఏ రంగో తెలియని చీర

అయినా ఒకప్పటివాళ్ళు నిజంగానే అంత అందంగా ఉండేవాళ్ళా? లేక కదలకుండా కూర్చోమంటే కూర్చున్నారు కాబట్టి అలా కనిపిస్తారా? పాత ఫోటోలు చూసి చెప్పే మాట ఎంతవరకు నమ్మొచ్చు? బాగా రానివి అప్పుడే చింపేసి ఉంటారు కదా...

"ఏమండీ, పైట కొంచెం పైకి," అంది రాజ్యశ్రీ.

ధనుంజయ్ ఉలిక్కిపడి, భుజం మీది వంగపండు రంగు చీర సర్దుకున్నాడు. విజయవాడ గవర్నర్‌పేటలో చీరల కొట్టు ఉన్న ఇంట్లో పుట్టిన మగవాడికి ఇది చిన్నప్పటి నుంచీ అలవాటే. కొనేవాళ్ళు దర్జాగా కూర్చుంటారు. అమ్మేవాడు చీర తన ఒంటికే చుట్టుకుని చూపిస్తాడు. మీసం ఉన్నా సరే.

ఆమె ఫోన్‌ని బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి అతన్ని ఫోటో తీసింది. దాన్ని వాళ్ళ అమ్మమ్మ పాత ఫోటో పక్కన పెట్టి చూసుకుంది.

"ఊహూఁ. ఇదీ కాదు. ఇంకాస్త ముదురు."

ఆదివారం వాళ్ళ అమ్మమ్మ చౌడేశ్వరమ్మ గారి ఎనభయ్యో పుట్టినరోజు. పెళ్ళికి ముందు ఆవిడ స్టూడియోలో దిగిన ఫోటోలోని చీరలాంటిదే కట్టుకుని, అదే ఫోజులో ఆవిడ పక్కన కూర్చోవాలని మనవరాలి సరదా. చీర రంగు ఎరుపని మేనమామ, ఆకుపచ్చని వాళ్ళమ్మ. అమ్మమ్మనే అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది. అందుకని రోజూ కోచింగ్ కాలేజీలో తను చెప్పే ఫిజిక్స్ క్లాసులు అయిపోగానే స్కూటీ మీద ఇక్కడికి రావడం, ధనుంజయ్‌కి చీర చుట్టించి ఫోటో తీయడం.

రంగు దొరక్కూడదని అతను లోలోపల మొక్కుకుంటున్నాడు. దొరికిందంటే ఆమె మళ్ళీ రాదు. ఈలోగా ఒక్క మాట చెప్పాలి.

ఆ మాట మొదటి రోజే పాడైపోయింది.

"మీకు చాలా బాగుంటుందండి," అన్నాడు ఆ రోజు, అలవాటుగా.

"ఇందాక ఆ పెద్దావిడకీ ఇదే అన్నారు. అంతకుముందు ఆ కాలేజీ అమ్మాయికీ. అసలు మీ కంటికి బాగోనిదంటూ ఏదైనా ఉంటుందా అండీ?"

నవ్వుతూనే అంది. కానీ అతన్ని అది వదల్లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరికీ పంచిపెట్టిన మాట, తీరా ఒక్కరికి నిజంగా ఇవ్వాల్సి వచ్చేసరికి అరిగిపోయి ఉంది. ఇచ్చినా ఆమె తీసుకోదు.

"చూడండి అమ్మమ్మని," అంటూ ఫోన్ చూపించింది రాజ్యశ్రీ. "ఇలాంటి ముఖాలు ఇప్పుడెక్కడున్నాయండీ? మా ఇంట్లో అందం అక్కడితో ఆగిపోయింది. అమ్మకి సగం వచ్చింది. నా దాకా వచ్చేసరికి క్లియరెన్స్ సేల్."

"అదేం లేదండీ, మీరు..."

"సేల్స్‌మాన్ మాటలొద్దు."

అతను పైట మళ్ళీ సర్దుకున్నాడు.

బయట వాన మొదలైంది. ఆటో ఒకటి మెట్ల దాకా వచ్చి ఆగింది. అందులోంచి గొడుగు ముందు దిగి, వెనకాల ఒక ముసలావిడ దిగింది.

"అమ్మమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"రోజూ చీరల కొట్టుకెళ్ళి వట్టి చేతుల్తో ఇంటికొచ్చే ఆడపిల్లని మా వంశంలో చూళ్ళేదే తల్లీ. సంగతేంటో చూద్దామని వచ్చా." చౌడేశ్వరమ్మ ధనుంజయ్‌ని కింద నుంచి పైదాకా చూసింది. "ఇదన్నమాట సంగతి. చీర బాగానే కట్టాడు."

"నమస్కారం మామ్మగారూ," అన్నాడతను, పైటతోనే.

రాజ్యశ్రీ ఇక దాచలేక అంతా చెప్పేసింది. ముసలావిడ నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది.

"ఆ చీరా? అది నాది కాదే, స్టూడియో వాడిది! ఫోటోకి ఎవరెళ్ళినా అదే చుట్టేవాడు. మా వీధిలో సగం మంది పెళ్ళిచూపులకి ఆ చీరలోనే వెళ్ళారు, ఫోటోల్లో. వెనకంతా పిన్నులు. కదిల్తే గుచ్చుకుంటాయని అలా బొమ్మలా కూర్చున్నా. ఆ కనుబొమ్మలు కూడా వాడు పెన్సిల్‌తో దిద్దినవే."

"రంగు?"

"వెలిసిపోయి ఏ రంగో తెలిస్తేగా!"

"మరి నువ్వు అంత అందంగా..."

"నేనా? మా అమ్మ నన్ను చూసినప్పుడల్లా, 'మా కాలంలో పిల్లలు చందమామల్లా ఉండేవాళ్ళు, ఇదేంటి ఇలా పుట్టింది' అనేది."

ఆవిడ ఫోన్ లాక్కుని వేలితో జరపసాగింది. ఒకచోట ఆగి కళ్ళజోడు సర్దుకుంది.

"అబ్బ, ఇదెవరే? మా కాలం మనిషంటే ఇలా ఉండాలి. ఆ ముక్కు చూడు, ఆ నిలబడ్డ తీరు చూడు." ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. "మీసం ఉందేంటి?"

గల్లాపెట్టె దగ్గర ధనుంజయ్ తండ్రి చౌడయ్య పగలబడి నవ్వాడు. రాజ్యశ్రీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"మీదే ఊరు బాబూ?" అంది చౌడేశ్వరమ్మ తీరిగ్గా.

"బందరు దగ్గర పెడన అమ్మా," అన్నాడు చౌడయ్య. "మగ్గాలు ఇంకా అక్కడే ఉన్నాయి."

"మాదీ అటేగా," అని ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"రంగే తెలియనప్పుడు నాకు నచ్చిందే కట్టుకుంటా," అని రాజ్యశ్రీ లేచి, కుప్పలోంచి లేత గులాబీ చీర తీసి భుజాన వేసుకుంది. "చెప్పండి."

ఇవాళ్టితో ఆమె రావడం అయిపోతుంది. ధనుంజయ్ చూశాడు.

"బాగోలేదండి."

"ఒరేయ్!" అన్నాడు చౌడయ్య.

రాజ్యశ్రీ కోప్పడలేదు. అతన్ని కొత్తగా చూసింది. గులాబీ చీర పక్కన పెట్టి, నల్లంచు ఉన్న పసుపుపచ్చ చీర తీసి, అద్దం వైపు కాకుండా అతని వైపు తిరిగింది.

"ఇది?"

"ఇది బాగుంది."

"ఇది ఎవరికి చెప్పే 'బాగుంది' అండీ?"

"మీ ఒక్కరికే."

 ఆమె అమ్మమ్మ దగ్గర్నుంచి ఫోన్ తీసుకుని అతని చేతిలో పెట్టింది.

"అయితే ఫోటో తీయండి. బ్లాక్ అండ్ వైట్‌లోనే. అమ్మమ్మలా రావాలి. కదలకుండా ఉంటా."

ఫోన్‌లో ఆమె బూడిద రంగులో, బిగుసుకుని, ఎప్పటి మనిషిలానో ఉంది. ఆ రోజుల్లో అంతసేపు కూర్చున్నవాళ్ళ ఎదురుగా, అంతసేపూ చూస్తూ ఒకరు నిలబడి ఉండేవాళ్ళు కదా అనుకున్నాడు. బహుశా అప్పటి అందానికీ ఇప్పటి అందానికీ అంతే తేడా.

"కదలండి, పర్లేదు," అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ధనుంజయ్ తన భుజం మీది చీర సంగతే మర్చిపోయి, ఫోన్‌ని రంగుల్లోకి మార్చి, నొక్కాడు.